రొయ్యల బేరం

నిన్న నెల్లూరులో ఎంబీఏ పిల్లలకి నెగోషియేషన్ క్లాసు. పీపీటీ పక్కన పెట్టి బెంచీలన్నీ గోడకి నెట్టించాను. సీన్ ఒక్కటే: చెరువు గట్టు మీద రొయ్యల రైతు, ఎదురుగా సరుకు కొనడానికొచ్చిన ఏజెంటు. బ్రెజిల్ నాటక దర్శకుడు ఆగస్టో బోల్ పద్ధతి ఇది. చూసేవాళ్లలో ఎవరైనా 'ఆపండి' అని లేచి, నటుడి స్థానంలోకి వెళ్లి కథ మార్చొచ్చు. (తిక్కన ఊళ్లో రాయబారం వేయించకుండా రొయ్యలేంటని ఓ కొలీగ్ దెప్పారు. అదీ వేయిస్తా, ఆగండి.)

ఏజెంటు వేషం వేసినవాడు మామూలుగా ప్రెజెంటేషన్ అంటేనే వణికే రకం. అలాంటివాడు, చేతిలో లేని రొయ్యని రెండు వేళ్లతో ఎత్తి చూసి పెదవి విరిచాడు. "నలభై కౌంటంటివే అన్నా, యాభై పడతాది. ఐసు కరిగిపోతా ఉండాది, తొందరగా చెప్పు." కౌంటంటే కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క. అంకె పెరిగితే రేటు పడిపోతుంది. రైతు వేషంలో ఉన్న అమ్మాయికి గొంతు పెగల్లేదు.

ఆమె స్థానంలోకి ముగ్గురొచ్చారు. ఇద్దరు అరిచి ఓడిపోయారు. మూడో అమ్మాయి ఏమీ మాట్లాడకుండా చేతులు కట్టుకుని నిలబడింది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరికి ఏజెంటే ఉండబట్టలేక రేటు పెంచాడు! ఆ మౌనం గురించి నేను ఏళ్లుగా స్లైడు చూపిస్తున్నా, ఒక్కరికీ ఎక్కలేదు.

క్లాసయ్యాక ఏజెంటుని అడిగా, ఇదంతా ఎక్కడ నేర్చావురా అని.

"మా చెరువు కాడ చూసిందే సార్. మా నాయన ఎప్పుడూ రైతు వైపే కదా."