“ఒకసారి వచ్చి కలవండి”

మా పాత మేనేజరు పంపే సందేశాలన్నీ ఇంతే: “ఒకసారి వచ్చి కలవండి.” ఎందుకో ఉండదు. తీరా వెళ్తే, ఫలానా ఫైలు ఎక్కడుందని అడిగేవారు. ఆ కాస్త వ్యవధిలో నేను మనసులో రాజీనామా లేఖ రాసి, సంతకం కూడా పెట్టేసేదాన్ని. మనిషి చెడ్డవారు కాదు. నా జీతం కోసం పైవాళ్లతో వాదించారు కూడా. ఆ సంగతి నాకు తెలిసింది మాత్రం ఇంకొకరి ద్వారా!

ఇప్పటి మేనేజరు గారికి పొగడటం రాదు. “ఈ పేరా తీసేయండి, ఇవి కిందటి నెల లెక్కలు” అని మొహం మీదే అంటారు. కానీ పిలిచినప్పుడు “మూడో పట్టిక గురించి, కంగారేమీ లేదు” అని ఒక ముక్క జోడిస్తారు. అంతే తేడా. నేను హాయిగా పనిచేస్తున్నాను.

1990లో జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే పరిశోధకుడు ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే సంస్థకు చెందిన రెండు కర్మాగారాల్లో 10 వారాల పాటు జీతాలు 15 శాతం కోశారు. ఒకచోట కారణాన్ని వివరంగా, బాధపడుతూ చెప్పారు. రెండోచోట ముక్తసరిగా చెప్పి ఊరుకున్నారు. కోత ఒకటే అయినా, రెండోచోట ఉద్యోగుల దొంగతనాలు మరీ ఎక్కువయ్యాయి. పోయిన డబ్బుకన్నా, తమను లెక్కచేయలేదన్న కోపమే అక్కడ ఎక్కువ పనిచేసిందని నాకనిపిస్తుంది.

మేనేజర్లకు మాటతీరు నేర్పే శిక్షణ తరగతుల మీద మాత్రం నాకు పెద్ద నమ్మకం లేదు. అవి ముగించుకుని వచ్చి, గొంతు మృదువుగా మార్చుకుని, పాతలాగే సగం సంగతి దాచిపెట్టేవాళ్లను చూశాను.