ప్రొజెక్టర్‌ని స్లాబుకి బిగించాను: నా అనుభవం

పర్లాకిమిడిలో మా హాలు పన్నెండుకి పదిహేను అడుగులు. స్లాబు ఎత్తు పది అడుగులు, అంటే 305 సెంటీమీటర్లు. నడిమధ్య 48 అంగుళాల ఫ్యాన్. ఇటు పాతపట్నం, టెక్కలి వైపు కట్టిన ఇళ్లలోనూ చాలా హాళ్లు ఇంచుమించు ఇంతే ఉంటాయి కాబట్టి నా లెక్కలు మీకూ పనికొస్తాయి.

ప్రొజెక్టర్ అనగానే అందరూ తెర కొలత దగ్గర మొదలుపెడతారు. నేను ఫ్యాన్ దగ్గర మొదలుపెట్టాను. మీకూ అదే చెబుతాను. ఏప్రిల్, మే నెలల్లో మన ఉక్కపోతకి ఫ్యాన్ ఆపి రెండున్నర గంటలు కూర్చోవడం కుదరదు. తిరిగే రెక్క ప్రొజెక్టర్ వెలుగుకి అడ్డం వచ్చిందంటే బొమ్మ ఆగకుండా మిణుకుమంటూనే ఉంటుంది. తరవాత ఎన్ని సెట్టింగులు మార్చినా అది పోదు.

మా ఫ్యాన్ తెర గోడకి 228 సెం.మీ. దూరంలో ఉంది. రెక్క పొడవు 60 కలిపితే 288 దాకా దాని రాజ్యమే. రెక్కలు స్లాబు నుంచి 30 సెం.మీ. కింద, అంటే నేల నుంచి 275 ఎత్తులో తిరుగుతాయి. ఈ రెండు అంకెలూ గోడ మీద పెన్సిలుతో రాసుకున్నాకే ప్రొజెక్టర్ జోలికి వెళ్లాను.

ఇక తెర. మూల నుంచి మూలకి 100 అంగుళాలుండే 16:9 తెర వెడల్పు 221 సెం.మీ., ఎత్తు 124.5. ప్రొజెక్టర్ పుస్తకంలో త్రో రేషియో అని ఒక అంకె ఉంటుంది, దూరాన్ని వెడల్పుతో భాగిస్తే వచ్చేది. నాది 1.2 నుంచి 1.5. అంటే లెన్సు తెరకి 265 నుంచి 332 సెం.మీ. మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు. నేను 300 దగ్గర పెట్టాను. ఫ్యాన్ రెక్క దాటాక 12 సెం.మీ. వెనక అన్నమాట. జూమ్ ఈ కొసా ఆ కొసా కాకుండా మధ్యలో పడుతుంది. రేపు తెర రెండంగుళాలు అటూ ఇటూ జరిగినా సర్దుకోవచ్చు.

ఎత్తు లెక్క దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. డీఎల్‌పీ ప్రొజెక్టర్లలో (సన్నని అద్దాలున్న చిప్‌తో బొమ్మ వేసే రకం) చాలావాటికి బొమ్మ లెన్సుకి ఎదురుగా పడదు. తలకిందులుగా వేలాడదీస్తే లెన్సు కంటే కొంత కిందనుంచి మొదలవుతుంది. నా దానికి ఆ తేడా బొమ్మ ఎత్తులో 16 శాతం, అంటే 20 సెం.మీ. సోఫాలో కూర్చున్న మనిషి కంటి ఎత్తు సుమారు మీటరు. బొమ్మ అడుగు అంచు 100 దగ్గర ఉండాలనుకున్నాను. అప్పుడు పై అంచు 225, లెన్సు 245. ఫ్యాన్ రెక్కలు 275లో ఉన్నాయి కాబట్టి వెలుగు వాటికి 30 సెం.మీ. కిందుగా వెళ్తుంది. లెక్క నమ్మకుండా, లెన్సు ఉండబోయే చోటు నుంచి తెర పై మూలలకి పురికోస కట్టి, ఫ్యాన్‌ని చేత్తో తిప్పి చూశాను. తగల్లేదు.

స్లాబు నుంచి లెన్సుకి 60 సెం.మీ. కావాలి కాబట్టి పొట్టి బ్రాకెట్ పనికిరాదు, సాగే గొట్టం ఉన్నదే తేవాలి. గొట్టం పొడుగయ్యేకొద్దీ ఊపు పెరుగుతుంది. అందుకే బిగించే ముందు ఫ్యాన్ ఊగకుండా రెక్కలు సరిచేయించాను. ఊగే ఫ్యాన్ పక్కన పొడుగు గొట్టం కడితే అక్షరాలు వణుకుతాయి.

రంధ్రాలు ఎక్కడ వెయ్యాలో తేల్చడానికి ఒక అట్టముక్క తీసుకున్నాను. ప్రొజెక్టర్ని దానిమీద పెట్టి చుట్టూ గీసి, అడుగున ఉన్న నాలుగు మర రంధ్రాలూ, లెన్సు మధ్యబిందువూ గుర్తు పెట్టి కత్తిరించాను. లెన్సు పెట్టెకి నట్టనడుమ లేదు, 9 సెం.మీ. పక్కకి ఉంది. తెర మధ్యగీతకి ఎదురుగా ఉండాల్సింది లెన్సు, గొట్టం కాదు. గొట్టాన్ని మధ్యలో పెట్టేసి, బొమ్మ పక్కకి పోయిందని ప్రొజెక్టర్‌ని వారగా తిప్పి, వంకరపోయిన బొమ్మని మెనూలో కీస్టోన్ అనే సెట్టింగుతో లాగేవాళ్లున్నారు. కీస్టోన్ వాడితే బొమ్మ దీర్ఘచతురస్రంగా కనబడుతుంది గాని, చిప్‌లో కొన్ని చుక్కలు వృథా అయి అక్షరాల అంచులు మసకబారతాయి. ఇంకో జాగ్రత్త: ప్రొజెక్టర్ తలకిందులైతే లెన్సు రెండో పక్కకి వెళ్తుంది. అట్టని కూడా తిప్పి పట్టుకుని చూడాలి. తరవాత తాపీమేస్త్రీ తూకం గుండుతో తెర మధ్యగీతని నేల మీదికీ, అక్కణ్ణుంచి స్లాబుకీ ఎక్కించాను.

రంధ్రం వేసే ముందు స్లాబుని సుత్తితో మెల్లగా కొట్టి వినండి. 2018 తిత్లీ తుపాను చూసిన ఊళ్లు మనవి. చెమ్మ దిగిన స్లాబుల్లో చువ్వ తుప్పుపట్టి ఉబ్బుతుంది, దాని కింద కాంక్రీటు పెచ్చుగా లేస్తుంది. గట్టి చోట ‘టక్’ మంటుంది, పెచ్చు లేచిన చోట డొల్లగా మోగుతుంది. డొల్లగా మోగితే అక్కడ వద్దు, ఎంత మంచి బోల్టు తెచ్చినా పట్టు ఉండదు. ఫ్యాన్ డబ్బా నుంచి స్విచ్చుబోర్డున్న గోడకి స్లాబులోంచి కరెంటు పైపు వెళ్తుంది. ఆ దారికి జానెడు దూరంగా ఉండి, మెయిన్ ఆపేసి పని చెయ్యాలి.

ప్రొజెక్టర్, బ్రాకెట్ కలిపి ఐదు కేజీలే. అయినా తిన్నగా కిందికి లాగే బరువుకి ప్లాస్టిక్ గిట్టీలు వాడకండి. గోడకి ఫొటో తగిలించడం వేరు, తలమీద వేలాడదీయడం వేరు. నేను 8 మి.మీ. బోల్టున్న స్లీవు యాంకర్లు (బిగిస్తే రంధ్రంలో ఉబ్బి పట్టుకునే ఇనప గొట్టపు బోల్టులు) నాలుగు వాడాను, వాటికి 10 మి.మీ. రంధ్రం. కొన్ని రకాలకి కొలత వేరేగా ఉంటుంది, పెట్టె మీద రాసింది చదివి బిట్టు కొనండి. లోతు 55 మి.మీ. చాలు, బిట్టుకి ఆ కొలత దగ్గర టేపు చుట్టాను. ఇళ్ల స్లాబు నాలుగైదు అంగుళాలే, లోతుగా పొడిస్తే పైన వాన నీటికి దారి ఇచ్చినట్టే. బిట్టుని కాగితం టీ కప్పు అడుగునుంచి గుచ్చి పెడితే పొడి కంట్లో పడదు, కప్పులోనే రాలుతుంది. రెండో రంధ్రంలో బిట్టు దిగడం మానేసి కీచుమంది. చువ్వ తగిలినట్టు. చువ్వని కోయకూడదు, స్లాబుకి ఆనే బ్రాకెట్ ప్లేటుని నాలుగు సెం.మీ. జరిపి మళ్లీ వేశాను. రంధ్రంలో పొడి మిగిలితే యాంకర్ జారుతుంది. సైకిలు పంపుతో ఊది, బ్రష్షు తిప్పి, మళ్లీ ఊదాను.

ప్లేటు బిగించాక ప్రొజెక్టర్ ఎక్కించలేదు. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్‌లో సగం నీళ్లు పోసి తాడుతో దానికి వేలాడదీసి ఒక రాత్రి ఉంచాను. పొద్దున్న ప్లేటుకీ స్లాబుకీ మధ్య వెంట్రుక సందు కూడా రాలేదు. అప్పుడు మరలు. నా దానికి ఎం4, 10 మి.మీ. పొడవు. చేతికి దొరికిన పొడుగు మర తిప్పేస్తే లోపల బోర్డుకి తగులుతుంది. బ్రాకెట్ మందం కలిపి లెక్కవేసుకోవాలి. విడిగా ఒక సన్నని ఉక్కు తీగని స్లాబులో ఇంకో కొక్కేనికీ ప్రొజెక్టర్‌కీ కట్టాను.

జిప్సం ఫాల్స్ సీలింగ్ ఉన్నవాళ్లు ఆ షీటుకి గాని, దాన్ని మోసే చానెల్‌కి గాని బిగించకండి. షీటుకి రంధ్రం చేసి గొట్టాన్ని పైన స్లాబుదాకా తీసుకెళ్లాలి. పెంకుటింట్లో అయితే దూలానికి పెద్ద చెక్క మరలతో బిగించుకోవచ్చు, చెద లేని దూలమైతేనే.

వైరు దారి పది మీటర్లకి దగ్గర పడింది. ప్లేయరు నుంచి బొమ్మని తెచ్చే మామూలు హెచ్‌డీఎంఐ తీగ ఐదు మీటర్లు దాటాక 4కేలో నమ్మకం లేదు, బొమ్మ వచ్చి పోతూ ఉంటుంది. అందుకని బొమ్మని వెలుగు రూపంలో పంపే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీగ వేశాను. దానికి ఒక కొస ప్లేయరుకి, రెండోది ప్రొజెక్టర్‌కి అని రాసి ఉంటుంది. తిరగేసి లాగితే బొమ్మ రాదు, మొత్తం మళ్లీ లాగాలి. 25 మి.మీ. పైపులో ఆ ప్లగ్గు తల వంపు దగ్గర ఇరుక్కుంటుంది, 32 మి.మీ. పైపు వెయ్యండి. కరెంటు తీగకి వేరే పైపు.

తలకిందుల బిగింపుకి మెనూలో సీలింగ్ అని మార్చి, కీస్టోన్ సున్నా చేసి, అరగంట వేడెక్కనిచ్చాకే ఫోకస్ తిప్పాను. చల్లగా ఉన్నప్పుడు సరిచేసిన ఫోకస్ వేడెక్కాక కొంచెం జారుతుంది. బొమ్మ సూటిగా ఉందో లేదో కంటితో తేల్చకండి. రెండు కర్ణాలూ టేపుతో కొలవండి. 100 అంగుళాలకి రెండూ 254 సెం.మీ. రావాలి. నాకు మొదట 254, 255.5 వచ్చాయి. బ్రాకెట్ మరని అర చుట్టు తిప్పితే సమానమయ్యాయి.

కరెంటు సంగతి మనకి తెలిసిందే. లాంపు ప్రొజెక్టర్ నడుస్తుండగా కరెంటు పోతే చల్లార్చే ఫ్యాన్ కూడా ఆగిపోయి లాంపు ఆయుష్షు తగ్గుతుంది. 600 వీఏ యూపీఎస్ ఒకటి మధ్యలో పెట్టాను, పద్ధతిగా ఆపడానికి కావలసిన నిమిషాలు ఇస్తుంది. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్టే వాడాలి. ఉరుములు మొదలవగానే ప్లగ్గూ, సెట్‌టాప్ బాక్సుకి వచ్చే డిష్ తీగా రెండూ పీకేస్తాను. ఆ తీగ గుండా వచ్చే దెబ్బని యూపీఎస్ ఆపలేదు.