నేత్రదాన పక్షోత్సవాల ఆదివారం

నేత్రదాన పక్షోత్సవాలు ఏటా ఆగస్టు 25న మొదలై సెప్టెంబరు 8తో ముగుస్తాయి. ఆ రెండు వారాలలో మా సేవా క్లబ్బు ఏదో ఒకటి చేయకపోతే మా ప్రాంతపు క్లబ్బులన్నిటికీ పెద్ద అయిన డిస్ట్రిక్ట్ గవర్నరు కార్యవర్గం నుంచి ఫోను వస్తుంది కనుక, ఈసారి ఒకే ఆదివారం రెండు కార్యక్రమాలూ పెట్టుకున్నాము. ఉదయం ప్రత్తిపాడు వైపు ఒక గ్రామంలో ఉచిత కంటి పరీక్షల శిబిరం, సాయంత్రం గుంటూరు బ్రాడీపేటలో మామూలు సమావేశం, అందులో ఒక నేత్రనిధి (ఐ బ్యాంకు) నుంచి వచ్చే అతిథి ప్రసంగం. అతిథి వక్తలను వెతికి తీసుకురావడం ఈ సంవత్సరం నా బాధ్యత. సంవత్సరమంటే మా లెక్కలో జూలై 1 నుంచి జూన్ 30 వరకు.

ఏడున్నరకు బయలుదేరాము. ఏటుకూరు దాటిన తరువాత రోడ్డుకు రెండు వైపులా నల్లరేగడి చేలలో పత్తి మోకాలెత్తుకు వచ్చి ఉంది. కొన్నిచోట్ల మిరపనాట్లు కూడా మొదలయ్యాయి. ఆ నాట్లే మా శిబిరానికి వచ్చినవారి సంఖ్యను నిర్ణయించాయని తరువాత అర్థమైంది. మేము తొమ్మిదింటికి పాఠశాల వరండాలో బల్లలు వేసి, గోడకు చార్టు తగిలించి, పేర్లు రాసుకోవడం మొదలుపెట్టే వేళకు ఊళ్ళోని కూలి మహిళలందరూ ఆటోలెక్కి చేలకు వెళ్ళిపోయారు. వచ్చినవారిలో ఎక్కువమంది వృద్ధులు, వారిని వెంటబెట్టుకొని వచ్చిన మనుమలు. నలభై దాటి, చత్వారం వచ్చి, విత్తనాల్లో పుచ్చులు ఏరలేక, సూదిలో దారం ఎక్కించలేక అవస్థపడే స్త్రీలకు ఒక జత దగ్గరచూపు కళ్ళజోడు ఎంత ఉపయోగమో మాకు తెలుసు, పెట్టె నిండా కళ్ళజోళ్ళు కూడా తీసుకొని వెళ్ళాము. కాని వాటిని పెట్టుకోవలసిన కళ్ళు ఆ గంటలో మిరపచేలో ఉన్నాయి. శిబిరం వేళను మేము మా టిఫినును బట్టి నిర్ణయిస్తున్నామే తప్ప వారి కూలిని బట్టి కాదు. ఆరింటికి మొదలుపెడితే ఎనిమిదింటిలోగా ఎంతోమందిని చూడవచ్చునని పంచాయతీ ఉద్యోగి ఒకాయన అన్నాడు. ఆ మాటను నేను గురువారం బోర్డు సమావేశంలో పెట్టబోతున్నాను. ఆరింటికి గుంటూరు నుంచి అక్కడికి చేరాలంటే ఎవరెవరి ముఖాలు ఎలా మారతాయో ఇప్పుడే ఊహించగలను.

పరీక్షలు మాత్రం పద్ధతిగా జరిగాయి. చదువు రానివారికి అక్షరాల బదులు మూడు కాళ్ళ గుర్తు ఏ వైపుకు తిరిగి ఉందో వేళ్ళతో చూపమంటారు. శుక్లం ఉందని తేలినవారికి బి.పి., షుగరు చూసి, షుగరు హద్దులో లేనివారికి ముందు దానిని తగ్గించుకొని రమ్మని చెప్పి, మిగిలినవారిని ఆసుపత్రి బస్సులో ఎక్కిస్తారు. ఆపరేషన్ ఆసుపత్రిలోనే, శిబిరంలో చూడడం మాత్రమే. భోజనం, మంచం, మందులు, నల్లకళ్ళద్దాలు అన్నీ ఉచితమని మేము మైకులో చెప్పుకుంటూ పోతాము. అయినా పేరు రాయించుకున్నవారిలో కొందరు బస్సు ఎక్కరు. "ఒక కన్ను కనబడుతూనే ఉంది కదమ్మా, రెండు రోజులు నేను లేకపోతే గేదె పాలు ఎవరు తీస్తారు?" అని ఒక ముసలమ్మ అడిగింది. ఉచితమనే మాట ఆమె గేదెకు వర్తించదు. కోడలు పుట్టింటి నుంచి తిరిగివచ్చాక వచ్చే నెల బస్సుకు వస్తానని, ఆ రోజు తనకు కబురు చేయమని చెప్పింది. రాసుకున్నాను.

యాభై ఏళ్ళ రైతు ఒకాయన గురించి కొంచెం ఎక్కువ రాయాలి. కుడికంటికి పొర కమ్మిందని, తీసేయించుకుందామని వచ్చాడు. డాక్టరు గారు టార్చి వేసి చూసి, అది శుక్లం కాదని, నల్లగుడ్డు మీద అద్దంలా ఉండవలసిన కార్నియా తెల్లబడి మచ్చకట్టిందని చెప్పారు. అయిదారేళ్ళ క్రితం వరి నూర్పిళ్ళలో గింజ కొట్టుకొని కన్ను ఎర్రబడిందట. ముందు ఆకు పసరు పోశారట. తగ్గకపోతే మందుల షాపులో అడిగి చుక్కలు వేసుకున్నాడట. పొలాల్లో తగిలిన చిన్న గాయంలోకి బూజు జాతి క్రిములు చేరి పుండుపడడం మన వ్యవసాయ ప్రాంతాలలో సాధారణమని, అటువంటప్పుడు స్టెరాయిడ్ కలిసిన చుక్కలు వేస్తే ఎరుపు తగ్గినట్లు కనిపించినా లోపల పుండు పెరుగుతుందని డాక్టరు గారు వివరించారు. "అయితే బస్సెక్కమంటారా?" అని అతను అడిగాడు. ఆ బస్సు అతనికి కాదు. తాడిగడపలోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో కార్నియా నిపుణులకు చూపించుకోవాలని చీటీ రాసి ఇచ్చారు. అతను చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు, వెళతాడో లేదో మాత్రం నాకు నమ్మకం కుదరలేదు. విజయవాడ దాకా తోడు వెళ్ళడానికి మా సభ్యులలో ఒకరు ఒప్పుకున్నారు కనుక ఫోను నంబరు తీసుకున్నాము.

మధ్యాహ్నం ఇంటికి వచ్చి భోంచేసి పడుకున్నాను. అంతకు మించి చెప్పుకోవలసిన పనేమీ చేయలేదు.

సాయంత్రం ఏడింటి సమావేశం అలవాటు ప్రకారం ఏడుంబావు దాటాక మొదలైంది. ప్రార్థన, జ్యోతి ప్రజ్వలన, అధ్యక్షుల తొలిపలుకు, కార్యదర్శి నివేదిక, పుట్టినరోజులు, పెళ్ళిరోజులు, కొత్త సభ్యులకు పిన్నులు తొడగడం, అతిథి పరిచయం. వీటన్నిటి తరువాత అతిథి చేతికి మైకు వచ్చేసరికి ఎనిమిది దాటింది, అవతలి హాలులో భోజనాల గిన్నెల మూతలు చప్పుడు చేయడం మొదలైంది. దూరం నుంచి వచ్చిన మనిషికి ఇరవై నిమిషాలు మిగిల్చి, ఆయన విద్యార్హతలు చదవడానికి పది నిమిషాలు తీసుకునే ఈ మర్యాద నాకు మొదటి నుంచీ నచ్చదు. వక్తలను పిలిచేది నేనే కనుక వారి ముందు సిగ్గుపడేదీ నేనే.

అధ్యక్షులు తన తొలిపలుకులో ఏటా చెప్పే కథనే చెప్పారు. 1925లో ఒహాయో రాష్ట్రంలోని సీడార్ పాయింట్‌లో జరిగిన లయన్స్ సేవాసంస్థ మహాసభకు చూపు, వినికిడి రెండూ లేని హెలెన్ కెల్లర్ వచ్చి, అంధత్వంపై పోరాడే యోధులు కావాలని ఆ సభ్యులను కోరింది. కథ పాతదైనా నాకు విసుగు రాదు. ఆమె తన జీవితగాథ చెప్పి చప్పట్లు కొట్టించుకొని వెళ్ళలేదు. ఎదుట కూర్చున్నవారిని పని అడిగింది. వందేళ్ళుగా ఆ సంస్థ కంటి వైద్యం వదలకపోవడానికి ఆ అడగడమే కారణమని నా అభిప్రాయం. మా వేదిక మీదికి వచ్చే వక్తలలో చాలామంది మమ్మల్ని ఏమీ అడగరు. వ్యక్తిత్వ వికాసం గురించి, ఒత్తిడి తగ్గించుకోవడం గురించి వింటాము, శాలువా కప్పుతాము, భోంచేసి ఇళ్ళకు వస్తాము. కాబట్టి ఈసారి నేను వక్తకు ముందుగానే ఒక్క మాట చెప్పాను: మాకు తెలియజేయవద్దు, పని అప్పగించండి అని.

ఆయన నేత్రనిధి తరఫున ఆసుపత్రి వార్డులలో, శవాగారం దగ్గర, చనిపోయినవారి బంధువులతో మాట్లాడే ఉద్యోగి. ఉపన్యాసానికి సిద్ధపడి వచ్చినట్లు లేదు. చేతిసంచిలో ఒక దూది చుట్ట, ఒక దిండు మాత్రం తెచ్చారు. ముందు మా కోశాధికారి గారిని వేదిక మీద బల్లపై పడుకోమన్నారు. ఆయన నవ్వుతూ పడుకున్నారు గాని, మూడో వరుసలో ఉన్న ఆయన భార్య "ఇదేమి అపశకునం!" అని గట్టిగానే అన్నారు. హాలంతా నవ్వింది, ఆ తరువాత ఎవరూ ఫోను చూడలేదు. మనిషి పోయిన తరువాత ఆరు గంటలలోపు కార్నియా తీసుకోవాలి. అంతవరకు కనురెప్పలు మూసి ఉంచాలి, వాటి మీద తడి దూది పెట్టాలి, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచాలి, ఫ్యాను ఆపేయాలి, నేత్రనిధికి ఫోను చేయాలి. ఒక్కొక్కటీ చెబుతూ, కోశాధికారి గారి మీద చేసి చూపించారు. నేత్రనిధి బృందం ఇంటికే వస్తుంది, పని అరగంటలో ముగుస్తుంది, ముఖంలో తేడా ఏమీ తెలియదు, అంత్యక్రియలు ఆలస్యం కావు.

కళ్ళజోడు ఉన్నవారు ఇవ్వవచ్చునా, షుగరు ఉంటే ఎలా, వయసు మీరితే తీసుకుంటారా అని ప్రశ్నలు వరుసగా వచ్చాయి. అందరూ ఇవ్వవచ్చునన్నారు. హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి, రేబీస్, రక్తమంతా విషమించిన సెప్సిస్ వంటివి ఉన్నవారి నుంచి మాత్రమే తీసుకోరు. కార్నియాకు రక్తనాళాలు ఉండవు కనుక బ్లడ్ గ్రూపు కలవాలన్న నియమం కూడా లేదు. వచ్చే జన్మలో కళ్ళు లేకుండా పుడతారన్న భయం మాట ఎవరో ఎత్తితే ఆయన వాదించలేదు. ఆ మాట వార్డులో రోజూ వింటానని, అన్నవారు నమ్మి అనరని, ఆ గడియలో కాదనడానికి మరో మాట దొరకక అంటారని చెప్పారు. ఆ జవాబు నాకు ఏ శాస్త్ర వివరణ కన్నా ఎక్కువగా నచ్చింది.

చరిత్ర కూడా కొంచెం చెప్పారు. విజయవంతమైన మొదటి కార్నియా మార్పిడి 1905 డిసెంబరు 7న, నేటి చెక్ దేశంలోని ఓలోమోట్స్‌లో ఎడ్వర్డ్ జిర్మ్ అనే వైద్యుడు చేశాడు. రోగి సున్నం పడి కళ్ళు కాలిన ఒక కూలీ. చికాగోలో పాల్ హారిస్ రోటరీ సేవాసంస్థను స్థాపించింది కూడా 1905 ఫిబ్రవరిలోనే కదా అని నాకు అక్కడ అనవసరమైన ఆలోచన ఒకటి వచ్చింది. వక్త మాత్రం సున్నం దగ్గరే ఆగారు. తాంబూలంలోకి అమ్మే సున్నపు పొట్లాన్ని పిల్లలు నొక్కితే అది చిమ్మి కంట్లో పడుతుందని, పడిన క్షణం నుంచి ఆపకుండా నీళ్ళతో కడుగుతూనే ఆసుపత్రికి తీసుకుపోవాలని చెప్పారు. మా ఇంట్లో ఆ పొట్లం ఎప్పుడూ అత్తయ్యగారి తమలపాకుల పళ్ళెంలోనే, పిల్లల చేతికి అందే ఎత్తులో ఉంటుంది.

ఉదయం చూసిన రైతు సంగతి అడిగాను. అన్ని మచ్చలకూ మార్పిడి అవసరం ఉండకపోవచ్చునని, అవసరమైనా రెండో కన్ను బాగున్నవారి కన్నా రెండు కళ్ళూ పోయినవారికి, పిల్లలకు ముందు ఇస్తారని, అతను కొంతకాలం వేచి ఉండవలసి రావచ్చునని చెప్పారు. అతని వంతు త్వరగా రావాలంటే ఏమి చేయాలన్నది నా రెండో ప్రశ్న. దానికి ఆయన మా బల్ల మీద దొంతరగా పెట్టిన ప్రతిజ్ఞా పత్రాలను చూపి, వీటివల్ల మాత్రం రాదన్నారు. పత్రం మీద సంతకం చేసిన మనిషి ఆ వేళకు మాట్లాడలేడు. ఒప్పుకోవలసింది పక్కన ఏడుస్తూ కూర్చున్న భార్యో, కొడుకో. వారికి ఆ పత్రం సంగతే తెలియదు, లేదా తెలిసినా గుర్తుండదు. పత్రం లేకపోయినా ఇంటివారు సరేనంటే చాలు. కాబట్టి ఈ రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో చెప్పండి, అది మొదటి పని. మీ పేటలో ఎవరైనా పోయినప్పుడు మొదటి గంటలోనే వెళ్ళి అడిగే మనిషిగా మీలో కొందరు పేర్లివ్వండి, అది రెండోది అన్నారు.

రెండో దానికి హాలు నిశ్శబ్దమైపోయింది. రక్తం ఇమ్మంటే లేచే చేతులు దీనికి లేవలేదు. చావింటికి వెళ్ళి నోరు తెరవడం ఎంత కష్టమో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. చివరకు బ్రాడీపేటకు నేను, లక్ష్మీపురానికి బల్ల మీద నుంచి అప్పుడే లేచిన కోశాధికారి గారు పేర్లిచ్చాము. అరండల్‌పేట నుంచి ఒక యువ సభ్యుడు ఆలోచించుకొని చెబుతానన్నాడు. వార్డులో కొన్ని రోజులు తన వెంట ఉండి చూసి నేర్చుకోమని అతిథి మమ్మల్ని పిలిచారు. తరువాత వందన సమర్పణ, శాలువా, జ్ఞాపిక, ఫోటో. గవర్నరు కార్యవర్గానికి పంపే నివేదికలో ఎన్ని ప్రతిజ్ఞా పత్రాలు సేకరించారన్న గడి ఉంది. ఇంట్లో చెప్పుకున్నవారు ఎందరన్న గడి లేదు. కార్యదర్శి గారిని అడిగితే, ఇతర వివరాలు అన్నచోట రాసుకోమన్నారు. రాస్తాను.

ఇంటికి వచ్చి భోజనాల దగ్గర సంగతంతా చెప్పాను. మావారు అప్పటికప్పుడే సరేనన్నారు. ఆయన ఏ విషయానికైనా త్వరగా సరేనంటారు కనుక నేను దానిని పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. అత్తయ్యగారు మజ్జిగ అన్నం కలుపుకుంటూ అంతా విన్నారు.

"ఎనభై దాటిన కళ్ళు, అవీ శుక్లాల ఆపరేషన్ అయినవి, ఎవరికి కావాలి అమ్మాయ్?" అని అడిగారు.

ఆపరేషన్ అయినవారూ ఇవ్వవచ్చునని, శుక్లం తీసేది లోపలి కటకం నుంచని, వీరు తీసుకునేది పైపొరను అని చెప్పాను. మార్పిడికి పనికిరాకపోతే వైద్య పరిశోధనకైనా ఉపయోగపడుతుందని అన్నాను. ఆమె చేయి కడుక్కొని వచ్చి, హైదరాబాదులో ఉన్న మా బావగారికి ఫోను కలపమన్నారు. నేనే మాట్లాడతానంటే వద్దన్నారు. "నువ్వు చెబితే కోడలు చెప్పించిందనుకుంటాడు. నా నోటితో నేనే చెబుతాను."

రాత్రి పది దాటాక తల్లి నుంచి ఫోను రావడం, అందులో చావు మాట ఉండడం వల్ల బావగారు కంగారుపడ్డారు. ఒంట్లో బాగాలేదా, ఇప్పుడే బయలుదేరి రానా అన్న ఆయన గొంతు ఇవతల నాకూ వినబడింది. "నాకేమీ కాలేదురా, నిక్షేపంగా ఉన్నాను. దసరాకి వచ్చినప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాంలే. ముందు పెన్ను తీసుకో" అని, నేత్రనిధి కార్డును కంటికి దగ్గరగా పెట్టుకొని ఒక్కొక్క అంకే చదవడం మొదలుపెట్టారు.