కొని తెచ్చుకున్న నొప్పి

ఆపరేషన్ అయి పది నెలలైంది. ఇప్పుడు కుర్చీలో కూర్చునే ఇది రాస్తున్నాను. నాకు అది చిన్న విషయం కాదు.

ఇద్దరు పిల్లల తరువాత పట్టుబట్టి బరువు తగ్గాను. తగ్గకూడని చోట కూడా తగ్గాను. చీర కడితే వెనకనుంచి తలుపుకు వేలాడదీసిన తెరలా ఉండేది. నలభైకి దగ్గరపడిన మనిషికి ఈ ముచ్చట ఏమిటని మీరు అనుకోవచ్చు. అనుకోండి. అమెరికాలోని ఫ్లోరిడాలో మేముండే టాంపా నుంచి కారులో మయామీ వెళ్లి పిరుదుల ఆపరేషన్ చేయించుకున్నాను. అమ్మకు చెప్పలేదు.

పొట్ట, నడుము దగ్గర కొవ్వు తీసి, శుభ్రం చేసి, పిరుదుల్లోకి ఎక్కిస్తారు. ప్రమాదమంతా ఎంత లోతుకు ఎక్కించారన్న దాంట్లోనే ఉంది. గొట్టం కండరంలోకి దిగి అక్కడి పెద్ద సిరలు చిరిగితే, కొవ్వు గుండెకు, ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీస్తుంది. మరణాలు 3000 ఆపరేషన్లకు ఒకటి దాకా ఉండవచ్చని 2018లో ప్లాస్టిక్ సర్జన్ల సంఘాలే హెచ్చరించాయి. 2022లో ఫ్లోరిడా వైద్య మండలి ఒక సర్జన్ రోజుకు మూడుకు మించి చేయరాదని, గొట్టం ఎక్కడుందో చూసేందుకు అల్ట్రాసౌండ్ వాడాలని నిబంధన పెట్టింది. ఇవన్నీ చదివే వెళ్లాను. నా సర్జన్ పనితనం మీద నాకు ఫిర్యాదు లేదు.

మూడో రాత్రి. అద్దె గదిలో, ఒళ్లంతా బిగించిన దుస్తులో, బోర్లా పడుకుని ఉన్నాను. బాత్రూముకని లేచి నాలుగడుగులు వేసేసరికి ఆయాసం, గుండె దడ, కళ్ల ముందు చీకటి. కొవ్వు ఊపిరితిత్తులకు చేరిందనే అనుకున్నాను. క్లినిక్ వాళ్లిచ్చిన రాత్రి నంబరుకు ఫోను చేస్తే ఒకావిడ, మొదటి వారం అందరికీ ఇలాగే ఉంటుంది, మాత్ర వేసుకుని పడుకోండి అంది. మా వారు ఆ ఫోను నా చేతిలోంచి లాక్కుని, కారు తాళాలు తీశారు. వెనక సీటులో బోర్లా పడుకుని, పిల్లల పేర్లు, ఆంజనేయ దండకం కలిపేసి చదువుకుంటూ ఎమర్జెన్సీకి వెళ్లాను.

అక్కడి కుర్ర డాక్టరు నా కాగితాలు చూసి, "ఇది మీరు కోరి చేయించుకున్నదేగా?" అన్నాడు. కోరే చేయించుకున్నాను. డబ్బు కట్టి మరీ కొని తెచ్చుకున్నాను. అయితే? బండి నడపాలని కోరుకుని కాలు విరగ్గొట్టుకున్నవాణ్ణి ఇలాగే అడుగుతారా? ఆ రాత్రి అనలేకపోయాను కాబట్టి ఇప్పుడు అంటున్నాను. అదే గదిలో ఒక పెద్ద వయసు నర్సు మాత్రం ఏమీ అడగలేదు. స్కాను బల్ల దగ్గర, చెప్పకుండానే, నా తొడల కింద రెండు దిండ్లు సర్దింది. ఆవిడ పేరు కూడా కనుక్కోలేదు. పూజలో దీపం పెట్టేటప్పుడు ఆ చేతులే గుర్తొస్తాయి.

స్కానులో ఊపిరితిత్తులకు అడ్డుపడే గడ్డలేమీ లేవు. రక్తం తగ్గి వచ్చిన ఆయాసం అది: హిమోగ్లోబిన్ 7.4కు పడిపోయింది. ఒక సీసా రక్తం ఎక్కించారు. తీరా చూస్తే ఆపరేషన్‌కు ముందు రిపోర్టులోనే అది తక్కువగా, 11 లోపు ఉంది. క్లినిక్ వాళ్లు ఆ మాట చెప్పలేదు, కాగితం నా సంచిలోనే ఉన్నా నేనూ విప్పి చూడలేదు. ఎవరి మీద ఎక్కువ కోపమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

తరువాత వారాలు ఓపికకు పరీక్ష. రెండు వారాలు అసలు కూర్చోలేదు. ఆపైన ఎనిమిది వారాల దాకా తొడల కింద దిండు పెట్టుకుని, పిరుదులు గాలిలో ఉండేలా కూర్చున్నాను. ఎక్కించిన కొవ్వంతా నిలవదు. కొంత ఒంట్లో కలిసిపోతుంది, ఆరు నెలలకు మిగిలిందే మనది. మొదటి నెల వాపు చూసి మురిసిపోకండి. మూడో నెలలో తగ్గిందని ఏడవకండి, నేను ఏడ్చాను.

వీడియో ఫోనులో అమ్మ, "ఎప్పుడు చూసినా నిలబడే ఉంటావేమే?" అనేది. నడుము నొప్పి అని బొంకాను. చివరికి చెప్పేశాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఫోను చేసి, "అన్నం కూడా నిలబడే తింటున్నావా?" అని అడిగింది. తోటకూర, ఖర్జూరాలు తినమని రోజూ గుర్తు చేసేది.

మొన్న ఒక స్నేహితురాలు గుట్టుగా వచ్చి ఆ దిండు అడిగింది. ముందు రక్తపరీక్ష రిపోర్టు తెమ్మన్నాను. ఇంకా తేలేదు. దిండు అటక మీదే ఉంది.