విండోస్ బూటబుల్ పెన్‌డ్రైవ్: నన్ను ఏడిపించింది సాఫ్ట్‌వేర్ కాదు, షాపువాడు

చెల్లె ల్యాప్‌టాప్‌లో విండోస్ పాడైంది, పీజీ ప్రాజెక్టు ఇచ్చే టైం దగ్గరపడింది, ఇంట్లో అందరం పరేషాన్. విండోస్ మళ్లీ వేయడానికి బూటబుల్ పెన్‌డ్రైవ్, అంటే కంప్యూటర్ నేరుగా దాన్నుంచే స్టార్ట్ అయ్యే పెన్‌డ్రైవ్, చేద్దామనుకున్నా. విండోస్ 11 ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైళ్లన్నీ ఉండే ఒకే పెద్ద ఫైలు) మైక్రోసాఫ్ట్ సైటులో ఉచితంగానే దొరుకుతుంది, దింపుకున్నా. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే రూఫస్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక షాపులో 64 జీబీ పెన్‌డ్రైవ్ కొన్నా. రూఫస్‌లో జీపీటీ, యూఈఎఫ్ఐ (కొత్త కంప్యూటర్లకు సరిపడే బూట్ సెట్టింగులు), ఫైళ్లు దాచే పద్ధతికి ఎన్‌టీఎఫ్ఎస్ పెట్టి స్టార్ట్ నొక్కితే కాసేపటికి పచ్చ గీత నిండి రెడీ అని వచ్చింది.

అసలు నరకం అక్కడి నుంచే. ల్యాప్‌టాప్ ఆన్ చేసి ఎఫ్12 కొడితే బూట్ మెనూలో (దేన్నుంచి స్టార్ట్ కావాలో ఎంచుకునే చోట) పెన్‌డ్రైవ్ పేరు కనిపిస్తుంది, ఎంటర్ కొట్టగానే స్క్రీన్ నల్లబడి మళ్లీ అదే మెనూ. తెలియని సాఫ్ట్‌వేర్‌తో స్టార్ట్ కాకుండా ఆపే సెక్యూర్ బూట్ ఆఫ్ చేశా, పోర్టు మార్చా, మళ్లీ రాశా, ఐఎస్ఓ ఎస్‌హెచ్ఏ-256 (ఫైలు పాడవకుండా దిగిందో లేదో చెప్పే కోడ్) కూడా సరిచూశా, అంతా కరెక్టే. వేరే కంప్యూటర్‌కు పెడితే ఫైళ్లన్నీ కనిపిస్తున్నాయి. షాపుకు పోయి అడిగితే, "నీకు చేయరాక మా మాల్‌ను అంటున్నవా తమ్మీ? పైసలిస్తే నేనే వేసిస్త" అన్నాడు, అదీ గిరాకీ ముందట. ఆ మాట ఇప్పటికీ మంటగానే ఉంది.

ఇంటికొచ్చి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే టెస్ట్ సాఫ్ట్‌వేర్ నడిపించా. ఇది పెన్‌డ్రైవ్ నిండా డేటా రాసి, మళ్లీ చదివి చూస్తుంది, చాలాసేపు పడుతుంది. ఫలితం చూస్తే నిజంగా ఉన్నది 8 జీబీ కూడా లేదు! లోపలి చిప్ 64 అని అబద్ధం చెబుతోంది. విండోస్ ఫైళ్లు మొదట్లోనే పడతాయి కాబట్టి కనిపించాయి. కానీ ఎన్‌టీఎఫ్ఎస్ పెడితే బూట్ కోసం రూఫస్ ఒక చిన్న పార్టిషన్‌ను (విడి భాగాన్ని) డ్రైవ్ చిట్టచివర పెడుతుంది. ఈ పెన్‌డ్రైవ్‌కు ఆ చివరే లేదు, ఇక బూట్ ఎట్లా అవుతుంది?

టెస్టు ఫలితం ఫొటో తీసుకుపోయి షాపువాడికి చూపిస్తే, "64 అంటే 59 చూపిస్తది, అన్నిట్ల గంతే" అన్నాడు. కంపెనీలు వెయ్యితో లెక్కగడతాయి, విండోస్ 1024తో లెక్కగడుతుంది కాబట్టి 59 రావడం నిజమే, అది నాకూ తెలుసు. కానీ 8 ఎట్లా వస్తుందో చెప్పమని అందరికీ వినబడేటట్టు అడిగా. మారుమాట్లాడకుండా పైసలు వాపస్ ఇచ్చాడు. ములుగు నుంచి, భూపాలపల్లి నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండి చదివే పిల్లలు ఇవే కొనుక్కుని ప్రాజెక్టులు దాచుకుంటారు, నిండుతున్నకొద్దీ ఫైళ్లు మాయమైతే వాళ్లు ఎవరిని అడగాలి? ఇది దొంగతనమే.

కాబట్టి బిల్లు లేకుండా పెన్‌డ్రైవ్ కొనకండి, కొన్నాక ముందు టెస్ట్ చేయండి. రూఫస్‌లో బ్యాడ్ బ్లాక్స్ చెక్ (డ్రైవ్‌లో పనిచేయని చోట్లను వెతికే ఆప్షన్) టిక్ పెట్టినా ఇట్లాంటి నకిలీలు దొరుకుతాయి.

వేరే చోట కొన్న 16 జీబీది టెస్టులో పాసైంది, మొదటిసారికే బూట్ అయింది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేశా, డీ డ్రైవ్‌లో చెల్లె ప్రాజెక్టు ఫైళ్లు అట్లనే ఉన్నాయి.