పోర్టు భద్రత గ్రాంటు: ఏ ఖర్చు చెల్లుతుంది, ఏది చెల్లదు

కాకినాడలోనో అమలాపురంలోనో కూర్చుని అమెరికా క్లయింట్లకు పనిచేసేవాళ్ల చేతికి ఒక పోర్టు గ్రాంటు ఫైలు వచ్చిందనుకోండి. ముందుగా వచ్చే సందేహాలు ఇవే: కెమెరాలకు ఇస్తారా, బోటుకు ఇస్తారా, కంచెకు ఇస్తారా? మూడింటికీ ఇస్తారు. అయినా ఒక పోర్టు ఫైల్లో చెల్లిన కెమెరా పక్క పోర్టు ఫైల్లో చెల్లకుండా పోతుంది. ఎందుకు కొన్నారు, ఎప్పుడు కొన్నారు, ఎలా కొన్నారు అన్నవే దాన్ని తేలుస్తాయి.

అమెరికా ప్రభుత్వం నడిపే ఈ పథకం పేరు పోర్ట్ సెక్యూరిటీ గ్రాంట్ ప్రోగ్రామ్. 2002 నాటి సముద్ర రవాణా భద్రతా చట్టం దీనికి ఆధారం. డబ్బు ఫెమా, అంటే అక్కడి విపత్తు నిర్వహణ సంస్థ, ఇస్తుంది. 2023 ఆర్థిక సంవత్సరానికి 10 కోట్ల డాలర్లు, 2024కు 9 కోట్లు కేటాయించారు. ఏటా కొత్త ప్రకటన వస్తుంది, దాన్ని నోఫో అంటారు. నిబంధనలు అందులో మారుతుంటాయి కాబట్టి నిరుటి ఫైలు తీసి తేదీలు మార్చి పంపడం ప్రమాదం.

'ఎందుకు' అన్నదానికి మన కాకినాడ యాంకరేజీ పోర్టునే ఉదాహరణగా చూద్దాం. ఓడలు హోప్ ఐలాండ్ చాటున లంగరు వేసి ఉంటాయి. బియ్యం బస్తాలు బార్జీల మీద వాటి దగ్గరికి వెళ్తాయి. అదే నీళ్లలో వేట బోట్లూ తిరుగుతాయి. ఇలాంటి పోర్టు అమెరికాలో ఉండి, "మాకు 40 కెమెరాలు కావాలి" అని రాస్తే మార్కులు పడవు. "రాత్రిపూట బార్జీ దారిలోకి వచ్చే చిన్న బోటు కంట్రోల్ రూముకు కనబడదు, ఈ లోపం మా సెక్యూరిటీ అసెస్‌మెంట్‌లో నమోదైంది, రెండు థర్మల్ కెమెరాలు, ఒక చిన్న రాడారు పెడితే పూడుతుంది" అని రాయాలి. ఇక్కడ ఏఐఎస్ రిసీవరు, అంటే ఓడలు తామెక్కడున్నాయో రేడియోలో పంపే సంకేతాలను అందుకునే పరికరం, అడిగితే లాభం లేదు. ఏఐఎస్ లేని బోటు ఆ తెర మీద అసలు కనబడదు. ఆ ప్రాంతపు కోస్ట్ గార్డ్ అధికారి, అంటే కెప్టెన్ ఆఫ్ ద పోర్ట్, ఫైలు చదివేటప్పుడు ఇలాంటివి ఇట్టే పట్టేస్తారు.

ఇక్కణ్నుంచి పనిచేసేవాళ్లకు ఒక గట్టి హెచ్చరిక. లోపాల వివరాలున్న కాగితాలను ఎస్ఎస్ఐ, అంటే సున్నితమైన భద్రతా సమాచారం అంటారు. చట్టప్రకారం అవసరం, అర్హత రెండూ ఉన్నవాళ్లే వాటిని చూడాలి. క్లయింటు భద్రతాధికారి రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఆ భాగం తెరవకండి, వాట్సాప్‌లో అసలే పంపకండి.

చెల్లనివాటి సంగతి త్వరగా తేలిపోతుంది. తుపాకులు, తూటాలు చెల్లవు. రోజువారీ కాపలా జీతాలు చెల్లవు గానీ, శిక్షణకు వెళ్లిన సిబ్బంది ఓవర్‌టైము చెల్లుతుంది. పోర్టు సొంత బడ్జెట్లో ఇప్పటికే ఉన్న ఖర్చును తీసి గ్రాంటు మీద వేయకూడదు. గ్రాంటు నడిపే పరిపాలన ఖర్చుకు పరిమితి 5 శాతం.

లెక్క తప్పేది ఎక్కువగా సొంత వాటా దగ్గరే. ప్రభుత్వ సంస్థలు 25 శాతం పెట్టుకోవాలి. ఇటీవలి ప్రకటనల్లో లాభాపేక్ష ఉన్న ప్రైవేటు సంస్థలకు 50 శాతం. ఈ 25 శాతం మొత్తం ప్రాజెక్టు ఖర్చు మీద లెక్క, ఫెమా ఇచ్చే డబ్బు మీద కాదు. ప్రాజెక్టు 4,00,000 డాలర్లదైతే ఫెమాది 3,00,000, మనది 1,00,000. 3,00,000లో పావు వంతు లెక్కగట్టి 75,000 అని రాస్తే 25,000 తక్కువ పడుతుంది. ఫెమా వాటాను మూడుతో భాగించండి, సరిపోతుంది. సొంత వాటా వస్తురూపంలోనూ చూపించవచ్చు, కానీ గ్రాంటులో చెల్లని ఖర్చు సొంత వాటాలోనూ చెల్లదు. ఇంకో ఫెడరల్ గ్రాంటు డబ్బు తెచ్చి ఇక్కడ వాటాగా చూపడమూ మామూలుగా కుదరదు. మొత్తం 25,000 డాలర్లు దాటని చిన్న ప్రాజెక్టుకు ఈ వాటా అక్కర్లేదు.

'ఎప్పుడు' అన్నది పర్యావరణ, చారిత్రక కట్టడాల పరిశీలన దగ్గర తేలుతుంది. దీన్ని ఈహెచ్‌పీ అంటారు. కెమెరా స్తంభానికి గుంత తవ్వినా, పాత గోడౌను గోడకు రంధ్రం వేసినా అనుమతి ముందు రావాలి. మన కాలవ లాకుల్లో ఒక తలుపు మూయకుండా రెండోది తెరవనట్టే ఇక్కడా వరస తప్పకూడదు. ఫారంలో గుంత పొడవు, వెడల్పు, లోతు, భవనం కట్టిన సంవత్సరం, మ్యాపు, ఫోటోలు అడుగుతారు. "స్తంభాలు పాతుతాం" అని ఒక్క ముక్క రాస్తే ఫైలు వెనక్కి వస్తుంది, నెలలు పోతాయి. ఆ ఆలస్యానికి ఆగలేక కాంట్రాక్టరు గునపం దించేస్తే ఆ పని డబ్బు మొత్తం పోయే ప్రమాదం ఉంది. తరగతి గది శిక్షణకు ఈ గొడవ లేదు.

ఇక 'ఎలా'. 2019 రక్షణ చట్టంలోని 889వ సెక్షను ప్రకారం హువావే, జెడ్‌టీఈ టెలికాం పరికరాలకూ, హైటెరా, హిక్‌విజన్, దాహువా వీడియో నిఘా, టెలికాం పరికరాలకూ ఈ డబ్బు వాడకూడదు. 2020 ఆగస్టు 13 నుంచి గ్రాంటులకు ఇది అమల్లో ఉంది. పైన వేరే బ్రాండు పేరు ఉన్నా లోపలి సరుకు వాళ్లదైతే అదీ చెల్లదు. అందుకే కొటేషనుతో పాటు తయారీదారు ఎవరో, మోడల్ నంబరు ఏమిటో రాతపూర్వకంగా తీసుకోండి. ఇంకొకటి: టెండరు స్పెసిఫికేషను రాసిన సంస్థ అదే టెండరులో పాల్గొనకూడదు. ఉచితంగా డిజైను చేసిస్తామని ముందుకొచ్చే విక్రేతతో వచ్చే చిక్కు ఇదే.

దరఖాస్తుకు సామ్ అనే అమెరికా ప్రభుత్వ వెబ్‌సైటులో రిజిస్ట్రేషను బతికి ఉండాలి. ఏటా దాన్ని పునరుద్ధరించాలి. సంస్థ పేరు పన్నుల శాఖ రికార్డులో ఉన్నట్టు అక్షరం తేడా లేకుండా ఉండాలి. లేకపోతే సరిచేయడానికి వారాలు పట్టొచ్చు. గడువు తూర్పు అమెరికా సమయం సాయంత్రం 5 అని ఉంటే వేసవిలో మనకది మర్నాడు తెల్లవారుజాము 2:30, చలికాలంలో 3:30.

డబ్బు వచ్చాక మూడు నెలలకోసారి ఖర్చు నివేదిక వెళ్లాలి. కొన్న పరికరాలను రెండేళ్లకోసారైనా కళ్లతో చూసి, సీరియల్ నంబరు, ఉన్న చోటు, గ్రాంటు నంబరు రిజిస్టరుతో సరిపోల్చాలి. చివరి ఆర్థిక నివేదిక పంపిన తేదీ నుంచి మూడేళ్లు బిల్లులన్నీ దాచాలి. ఆలోగా ఆడిట్ మొదలైతే అది తేలేదాకా పారేయకూడదు.