బెల్ కర్వ్ ఉన్నచోట హ్యాకథాన్ దేనికి?

ఆఫీసులో ఏటా ఓ హ్యాకథాన్ (ఒకట్రెండు రోజుల్లో కొత్త ఐడియాకి కోడ్ రాసే పోటీ), పిజ్జాలు, టీషర్టులు, గెలిచినవాళ్లతో లింక్డ్‌ఇన్‌లో ఫొటో. సోమవారానికి ఆ కోడ్ ఏమైందో అడిగే నాథుడుండడు, మళ్లీ పాత టికెట్లే, అంటే రోజూ అప్పజెప్పే పనులే. ఇన్నొవేషన్ కల్చర్ గురించి ఎవరైనా గొప్పగా చెప్తుంటే నేను ముందు వాళ్ల అప్రైజల్ ఫారం, అంటే ఏడాది పనికి రేటింగ్ ఇచ్చే కాగితం చూపించమంటాను.

మైక్రోసాఫ్ట్ సంగతే చూడండి. చాలా ఏళ్లు అక్కడ స్టాక్ ర్యాంకింగ్ (మనం బెల్ కర్వ్ అనేది దీన్నే) నడిచింది, అంటే టీమ్‌లో అందరూ ఇరగదీసినా కొందరికి తక్కువ రేటింగ్ పడి తీరాల్సిందే. పక్కవాడికి సాయం చేస్తే మన రేటింగ్‌కే ఎసరు అన్నప్పుడు గట్టివాళ్లున్న టీమ్‌లోకి ఎవరు వెళ్తారు? 2013 నవంబరులో దాన్ని ఎత్తేశారు. (మనవాడని క్రెడిట్ అంతా సత్య నాదెళ్లకే కట్టబెడతాం గానీ ఇది స్టీవ్ బామర్ హయాంలోనే జరిగింది, నాదెళ్ల సీఈఓ అయింది 2014 ఫిబ్రవరిలో.) ఆ తర్వాత నువ్వేం చేశావన్నదాంతో పాటు, ఇతరుల పనికి ఎంత తోడ్పడ్డావు, వాళ్లు చేసినదాన్ని ఎంత వాడుకున్నావు అని కూడా చూడటం మొదలుపెట్టారు.

నాదెళ్లకు ఇవ్వాల్సిన క్రెడిట్ వేరే ఉంది. 2016 మార్చిలో టే అనే చాట్‌బాట్‌ను ట్విట్టర్‌లో వదిలితే జనం దానికి చెత్తంతా నేర్పి ఒక్కరోజులోనే జాతి విద్వేషం మాట్లాడించారు, కంపెనీ దాన్ని తీసేసి క్షమాపణ చెప్పుకుంది. ఆయన ఆ టీమ్‌ను తిట్టలేదు, ఆగొద్దు, నేను మీ వెంటే ఉన్నానని మెయిల్ పెట్టాడు. అదే డిసెంబరుకి జో అనే ఇంకో బాట్ వచ్చింది. 2023 జనవరిలో పదివేల ఉద్యోగాలు తీసేస్తున్నామని ప్రకటించింది కూడా ఈ కంపెనీయే, అదీ మర్చిపోకూడదు.

మన ఐటీ సర్వీస్ కంపెనీల్లో ప్రొడక్షన్ (క్లయింట్ వాడే అసలు సిస్టమ్) పడిపోతే కాల్‌లో మొదటి ప్రశ్న "ఎవరు చేశారు?" అనే. దానికి తోడు బిల్లింగ్ గంటల లెక్క, అంటే పనిచేసిన గంటలకే క్లయింట్ డబ్బిస్తాడు. నేను ఇదివరకు పనిచేసిన చోట టెస్టింగ్ టీమ్ అమ్మాయి ఒకావిడ, పూటంతా పట్టే ఎక్సెల్ రిపోర్టును నిమిషాల్లో తేల్చే స్క్రిప్ట్ రాసుకుని ఎవరికీ చెప్పలేదు. చెప్తే రెండే జరుగుతాయి: ఇంకో పని నెత్తినేస్తారు, లేదా క్లయింట్‌కి తెలిసి గంటలు కోస్తాడు. ఎలాగో మేనేజర్‌కి తెలిసింది. పాపం ఆయన మెచ్చుకున్నాడు కూడా. ఆ తర్వాత అడిగిన మొదటి మాట, మిగిలిన గంటల్ని టైమ్‌షీట్‌లో ఏ ప్రాజెక్ట్ కోడ్ కింద వేద్దాం అని.